పాత్రికేయులకు సంఘ మేల? – మానికొండ చలపతిరావుగారి జీవితము

చింతాద్రిపేటలో కాపురముండు పాత్రికేయ మిత్రు లిద్దఱు ఇటీవల నొక సాయంకాలమున మా యింటికి వచ్చి, ఒక సభ్యత్వపత్రమును మా బల్లపై నుంచిరి. చెన్నపట్టణమున పత్రికలయందును, వార్తాసంస్థలయందును, టెలివిజనునందును పనిచేయుచున్న తెలుగువారందఱు ఒక సంఘముగా గూడవలెనని వారి సంకల్పము. పేరు, స్వగ్రామము, పనిచేయు పత్రిక, అనుభవము – ఈ నాలుగు గడులు నింపి క్రింద సంతకము చేసిన చాలును. చందా స్వల్పము. అయినను మేము వెంటనే సంతకము చేయలేదు. ఆలోచించి చెప్పెద మంటిమి. మిత్రులు కాఫీ పుచ్చుకొని, కొంచెము చిన్నబుచ్చుకొనియే వెడలిపోయిరి.

మా సంకోచమునకు కారణము లేకపోలేదు. ఈ రాజధానిలో తెలుగువారి సంఘములకు కఱవు లేదు. ఉగాదికి పంచాంగశ్రవణము, సంక్రాంతికి ముగ్గుల పోటీ, వార్షికోత్సవమున నాలుగు శాలువలు, మఱునాడు పత్రికలో నొక ఛాయాచిత్రము – పెక్కు సంఘముల చరిత్ర యింతటితో ముగియుచున్నది. ఇవి తప్పని మే మనము. పరాయి గాలి సోకినచోట మాతృభాష వినబడు నాలుగు గంటలును విలువగలవే. కాని వృత్తి పేరిట కూడు సంఘము వేఱు. తెలుగువారమని కూడుదుమా, పాత్రికేయులమని కూడుదుమా? తెలుగువారమనియైనచో పాత్రికేయులకు ప్రత్యేకసంఘ మెందుకు? పాత్రికేయులమనియైనచో పక్కబల్లయొద్ద కూర్చుండు తమిళ సోదరుని వెలుపల నుంచుట యెట్లు? న్యాయవాదవృత్తి నుండి పత్రికారంగమునకు వచ్చినవారమగుటచే, ఏ దావా చేతికి వచ్చినను కోరిన పరిహార మేమని మొదట చూచుట మాకు అలవాటు. ఆ పత్రమున పరిహారమనునది కనబడలేదు.

ఈ సందర్భమున మాకొక పాత జ్ఞాపకము మెదలినది. చాల యేండ్ల క్రిందట మేము న్యాయస్థానము నుండి తిరిగివచ్చు వేళకు మా వాకిట నొక వృద్ధుడు కూర్చుండి యుండెను. ఒక పత్రికలో ఇరువదేండ్లకు పైగా సబ్‌ఎడిటరుగా నుండి, రాత్రిపూట తంతివార్తలను తెలుగు చేయుటయందు దిట్టయని పేరొందినవాడు. ఒకనాటి యుదయమున ఇక రానక్కఱలేదని ఆయనకు కబురందెను. ముందుగా నోటీసు లేదు. నోటీసుకు బదులు జీతమును లేదు. తనకు చట్టమున హక్కు కలదని కూడ ఆయన యెఱుగడు. మేము చట్టము తీసి చూపితిమి. ఆయన కన్నద్దాలు తుడుచుకొని చాలసేపు చదివి, ఈ మాట యజమానితో చెప్పుటకు తన వెంట నెవరు వత్తురని యడిగెను. వ్యాజ్యము వేయుటకు మేముంటిమి. వెంట నిలుచుట కెవరును లేకుండిరి. ఆయన వ్యాజ్యము వేయలేదు. పుస్తకముల పెట్టె సర్దుకొని కుమారుని యొద్దకు ఊరు చేరుకొనెను.

ఆ వృద్ధునికి మేము చూపిన చట్టము ఊఱక పుట్టినది కాదు. దాని వెనుక నొక తెలుగువాని జీవితము కలదు. మానికొండ చలపతిరావుగారి పేరు నేటి యువపాత్రికేయులలో చాలమందికి పేరుగా మాత్రమే తెలియును. లక్నో నగరమున నేషనల్ హెరాల్డు పత్రికను మూడు దశాబ్దములకు పైగా నడిపిన సంపాదకుడని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని సంపాదకీయములు వ్రాసినవా రనేకులు. తమ వృత్తికి చట్టమున నొక స్థానము సంపాదించి పెట్టినవారు కొద్దిమంది. మా బల్లపై నున్న పత్రమునకు సమాధానము చెప్పుటకు ఆయన జీవితమునే యొకమాఱు నెమఱువేసికొనుట యుచితమని తోచినది.

చలపతిరావుగారు విశాఖపట్టణసీమకు చెందినవారు. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకమున పుట్టిన తరము వారిది. ఆ కాలమున చదువుకొన్న ఆంధ్రయువకునికి రెండు దారులు గోచరించెడివి: సర్కారు కొలువు, లేదా న్యాయవాదవృత్తి. వారును ఉన్నతవిద్యతోపాటు న్యాయశాస్త్రమును చదివిరి. కాని ఆ చదువు వారిని కోర్టునకు గాక పత్రికాలయమునకు చేర్చినది. చెన్నపట్టణమున ఆంగ్లపత్రికలలో కలము పట్టుట నేర్చిరి. ఆ నాటి చెన్నపట్టణము తెలుగు, తమిళ, కన్నడ, మలయాళసీమలలో పెక్కింటికి రాజధాని. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను దినపత్రికగా ప్రారంభించినది ఇచ్చటనే. 1938లో ఆంధ్రప్రభ పుట్టినదియు నిచ్చటనే. తెలుగు పాత్రికేయునికి ఈ నగరము అత్తవారిల్లు కాదు, పుట్టినిల్లే.

అయినను కొందఱు ఆంధ్రులకు ఈ పుట్టినిల్లు చాలలేదు. విజయనగరమున పుట్టిన చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు అలహాబాదు చేరి, 1909లో వెలువడిన లీడరు పత్రికకు ప్రాణమై నిలిచిరి. చీరాల ప్రాంతమునకు చెందిన కోటంరాజు సోదరులలో పున్నయ్యగారు కరాచీలో సింధు అబ్జర్వరును నడపిరి. రామారావుగారు ఊరూర పత్రికలలో పనిచేసి, 1938 సెప్టెంబరు 9వ తేదీన జవాహరులాలు నెహ్రూ పూనికతో లక్నోలో మొదలైన నేషనల్ హెరాల్డునకు తొలి సంపాదకులైరి. రామారావుగారే చలపతిరావుగారిని లక్నోకు రప్పించుకొనిరి. ఎక్కడి గోమతీతీరము, ఎక్కడి విశాఖతీరము! ఇంటి భాష వినబడని నగరమున నొక తెలుగు సంపాదకుడు మఱొక తెలుగు యువకునికి బల్ల చూపించెను. ప్రాంతబంధువు చేయగల మేలు ఇట్టిది. తలుపు తట్టినవాని యాస గుర్తించి తలుపు తీయుట చిన్న యుపకారము కాదు. చలపతిరావుగారి జీవితము ఆ తలుపుతోనే మలుపు తిరిగినది.

తలుపు లోపల నున్నది మాత్రము సుఖము కాదు. హెరాల్డు నిర్ధనమైన పత్రిక. దేశోద్యమమున కంకితమైన పత్రికలో పనిచేయువాడు జీతమును గుఱించి యడుగుట లోపమని తలచెడి కాలమది. 1942లో క్విట్టిండియా ఉద్యమము వచ్చినది, పత్రిక మూతపడినది. రామారావుగారు తమ సంపాదకీయమునకై కారాగారమునకు పోయిరి. చలపతిరావుగారు ఢిల్లీ చేరి హిందూస్థాన్ టైమ్సునందు పనిచేసిరి. 1945లో హెరాల్డు తిరిగి వెలువడినది. మఱుసటి యేడు, అనగా 1946లో, సంపాదకత్వము చలపతిరావుగారి చేతికి వచ్చినది. 1978 వఱకు ఆ బాధ్యత వారిదే.

దేశమునకు ప్రధానమంత్రియైన నెహ్రూ స్థాపించిన పత్రికకు సంపాదకుడైనవాడు కోరినచో ఏ పదవి రాకపోవును? రాయబారులైన సంపాదకులు కలరు, మంత్రులైనవారును కలరు. చలపతిరావుగారు వివాహము చేసికొనలేదు, ఆస్తి కూడబెట్టలేదు, కొలువు కోరలేదు. పద్మభూషణ పురస్కారమును నిరాకరించిరి. నెహ్రూపట్ల వారికి గల గౌరవము రహస్యము కాదు. ఆయనను గుఱించి గ్రంథములును వ్రాసిరి. కాని గౌరవమును జీతముగా మార్చుకొనలేదు. ఈ నిరాడంబరతను మెచ్చుకొని యూరకుండుట సులభము. దాని ప్రయోజన మేమని యడిగిననే విషయము తెలియును. తనకొఱకు ఏమియు కోరనివాడు ఇతరులకొఱకు కోరినపుడు ఆ కోరికను స్వార్థమని తోసివేయుట యజమానులకు సాధ్యము కాలేదు.

ఆ కోరిక యేమి? 1939లో పత్రికాధిపతులు తమ సంఘమును స్థాపించుకొనిరి. 1940లో సంపాదకుల అఖిలభారత సమ్మేళన మేర్పడినది. మన చెన్నపట్టణమునకు చెందిన హిందూ పత్రికాసంపాదకులు కస్తూరి శ్రీనివాసన్‌గారు దానికి తొలి యధ్యక్షులు. ప్రభుత్వపు ఆంక్షల నెదుర్కొనుటలో ఆ సమ్మేళనము పనిచేసిన మాట నిజము. కాని యజమానికి సంఘమున్నది, సంపాదకునికి సంఘమున్నది. అర్ధరాత్రి వఱకు ప్రూఫులు దిద్దువానికి, జిల్లా కచ్చేరీల చుట్టు తిరిగి వార్త తెచ్చువానికి ఏమున్నది? పేపరు వెల యింత, సిరా వెల యింత యని లెక్క కలదు. విలేఖరి వెల యింతయని యెవరును తేల్చలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట త్యాగము పేరు చెప్పి జీతము తగ్గించుటకు యజమానులకు హేతువు పోయినది. అలవాటు మాత్రము పోలేదు.

1950 అక్టోబరు 28వ తేదీన ఢిల్లీలో వివిధ ప్రాంతముల పాత్రికేయులు సమావేశమై భారత వర్కింగు జర్నలిస్టుల సమాఖ్యను నెలకొల్పిరి. చలపతిరావుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ఈ విషయమున గమనింపదగినది యొకటి కలదు. ఆయన సంపాదకుడు. సంపాదకుల వరుసలో కూర్చుండుటకు ఆయన కధికారము కలదు. ఆ వరుస గౌరవప్రదము, నిరపాయకరము. ఆయన దిగివచ్చి సబ్‌ఎడిటర్ల వరుసలో కూర్చుండిరి. పాత్రికేయుడు బుద్ధిజీవియే గాని కార్మికుడు కాడని, కార్మికసంఘమువలె కూడుట వృత్తికి చిన్నతనమని భావించువారు ఆనాడు పెక్కురు; ఈనాడును కలరు. చలపతిరావుగారి మార్గము వేఱు. కూలికి పనిచేయుచు కూలివాడు కానని చెప్పుకొనువానికి కూలియు దక్కదు, గౌరవమును దక్కదని ఆయన పనియే చాటినది.

సమాఖ్య కోరినవానిలో ముఖ్యమైనది విచారణసంఘము. 1952లో ప్రభుత్వము న్యాయమూర్తి రాజాధ్యక్షగారి యధ్యక్షతను ప్రెస్ కమిషన్ను నియమించినది. చలపతిరావుగారు అందొక సభ్యులు. సర్ సి. పి. రామస్వామి అయ్యరు, ఆచార్య నరేంద్రదేవ్, డాక్టరు జాకిర్ హుస్సేను వంటివారు తోడి సభ్యులు. 1954లో వెలువడిన ఆ నివేదిక భారతదేశమున పత్రికలను గుఱించి జరిగిన మొదటి సమగ్రవిచారణ. పత్రికల యాజమాన్య మెవరిచేతిలో నున్నది, ప్రకటనల యాదాయ మెట్లు పంపకమగుచున్నది, పనిచేయువారికి దక్కున దేమి యను ప్రశ్నలకు అందు సమాధానములు కలవు. పత్రికల రిజిస్ట్రారు పదవి, ప్రెస్ కౌన్సిలు – ఇవి యన్నియు ఆ నివేదికలోని సిఫారసులనుండి పుట్టినవే.

అన్నింటికంటె ముఖ్యఫలము చట్టము. 1955లో మొదట పారిశ్రామిక వివాదముల చట్టమును పాత్రికేయులకు వర్తింపజేసిరి. ఆ యేటి డిసెంబరులో వర్కింగు జర్నలిస్టుల సేవానియమముల చట్టము వచ్చినది. న్యాయవాదులైన మా పాఠకులు దాని సెక్షన్లను తిరగవేసినచో ఒక సంగతి కనుగొందురు. జర్నలిస్టు అనగా సంపాదకుడు, సంపాదకీయరచయిత, వార్తాసంపాదకుడు, సబ్‌ఎడిటరు, విలేఖరి, వ్యంగ్యచిత్రకారుడు, వార్తాఛాయాగ్రాహకుడు, ప్రూఫురీడరు – అందఱును ఒక్క నిర్వచనమున నొక్క పంక్తిలో కూర్చుండిరి. సంపాదకుని తొలగింపవలెనన్న ఆఱు నెలల నోటీసు. తక్కినవారికి మూడు నెలలు. నాలుగు వారములలో 144 గంటలకు మించి పని చేయింపరాదు. పనిచేసిన కాలమున పదునొకండవ వంతు పూర్తిజీతముతో సెలవు. ఇవి చూచుటకు చిన్న అంకెలు. కాని అంతకుముందు వీనిలో నొకటియు లేదు. మా వాకిట కూర్చుండిన వృద్ధునికి మేము చూపినది ఆ మూడు నెలల వాక్యమే.

పత్రికాధిపతు లూరకుండలేదు. చట్టము ననుసరించి 1956లో న్యాయమూర్తి దివాటియాగారి యధ్యక్షతను ఏర్పడిన వేతనసంఘము మఱుసటి యేడు జీతముల నిర్ణయమును ప్రకటింపగనే పెద్ద పత్రికలు సుప్రీంకోర్టున కెక్కినవి. పత్రికాస్వాతంత్ర్యమునకు ఈ చట్టము భంగకరమని వారి వాదము. 1958 మార్చి 19వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పినది. పత్రిక స్వేచ్ఛ గలదైనంతమాత్రమున కార్మికచట్టములకు అతీతము కాదని, చట్టము మొత్తముమీద చెల్లునని నిశ్చయించినది. స్వయముగ రాజీనామా యిచ్చినవానికి మూడేండ్లకే గ్రాట్యుయిటీ యను భాగమును మాత్రము కొట్టివేసినది. కాని యజమానుల చెల్లింపుశక్తిని పరిశీలింపలేదను కారణమున వేతనసంఘ నిర్ణయము చెల్లదన్నది. గెలుపులో ఓటమి, ఓటమిలో గెలుపు. ప్రభుత్వ మాయేడే మఱొక చట్టమును దెచ్చి, వేతననిర్ణయమునకు వేఱొక మార్గము నేర్పఱచినది. దావా గెలుచుటకును డిక్రీ అమలగుటకును నడుమ నెంత దూరమో కక్షిదారులందఱు నెఱుగుదురు. ఆ దూరమును ఒంటరిగా నడువగలవాడు లేడు.

ఇచ్చట చింతాద్రిపేటను స్మరింపక తప్పదు. 1734 ప్రాంతమున గవర్నరు పిట్టు కాలమున, కూవమునది వంపులో సుంకురామశెట్టిగారి తోట యున్నచోట కుంపిణీవారు ఈ పేటను వెలయించిరి. వారి యెగుమతికి బట్టలు కావలెను. బట్టకు నేతగాండ్రు కావలెను. నూలు వడుకువారిని, నేయువారిని, అద్దకమువారిని పిలిపించి ఇండ్ల స్థలములిచ్చి కుదిర్చిరి. చిన్న తఱి పేట, అనగా చిన్న మగ్గముల పేట యను మాటయే చింతాద్రిపేట యైనదని పెద్దలందురు. ఒక వృత్తివారు ఒకచోట చేరుట ఈ పేటకు పుట్టుకతో వచ్చిన గుణము. కాని వారిని చేర్చినది యెవరు? సరకు కొనువాడు. తన యవసరమునకై చేర్చినవాడు తన యవసరము తీఱగనే చెదరగొట్టును. వృత్తివారు తమంతట తాము చేరిననాడే ఆ కూడిక వారిదగును.

తెలుగు పాత్రికేయులకు ఈ నగరమున జరిగినదియు నిట్టిదే. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప తెలుగు దినపత్రికలు క్రమముగ తరలిపోయినవి. 1959లో ఆంధ్రప్రభ ప్రచురణ విజయవాడకు మార్చుటను గుఱించి రేగిన కార్మికవివాదము సుప్రీంకోర్టు దాక పోయినది. పత్రిక తరలిన రైలుబండిలో అందఱకును చోటు దొరకదు. కొందఱు పోయిరి, కొందఱు పిల్లల చదువులకనియో, స్వంతయింటికనియో నిలిచిపోయిరి. నిలిచినవారు చలనచిత్రపత్రికలలో, ఆంగ్లపత్రికలలో, అనువాదములతో కాలము వెళ్లబుచ్చిరి. నేడును ఈ నగరమున తెలుగు పాత్రికేయుడు కొద్దిమందిలో నొకడు. అతని కార్యాలయము హైదరాబాదుననో విజయవాడననో యుండును. అతని బల్ల ఇచ్చట నుండును. అతనికి కష్టము వచ్చినచో అచ్చటి యూనియనునకు దూరస్థుడు, ఇచ్చటి యూనియనునకు అపరిచితుడు. సంఘము కావలసిన చోటు ఇదియేయని చలపతిరావుగారి కథ మఱల చదువునపుడు మాకు తట్టినది.

చలపతిరావుగారిని దేవునిగా నిలుపుట మా యుద్దేశము కాదు. 1975 మొదలు 1977 వఱకు దేశమున అత్యవసరపరిస్థితి నడచినపుడు హెరాల్డు ప్రభుత్వపక్షమున నిలిచినది. సంపాదకపీఠమున నప్పుడున్నది వారే. పత్రికలకు నోరు కట్టిన కాలమున, పాత్రికేయుల కొక గొంతు సంపాదించిపెట్టినవాని పత్రిక ఎదురు చెప్పకపోవుట ఆయన యభిమానులకును బాధాకరమే. స్నేహము, కృతజ్ఞత, పార్టీనిష్ఠ – ఇవి మనిషిని ఎంత దూరము తీసికొనిపోవునో చెప్పలేము. కాని దీనినుండియు ఒక పాఠము గ్రహింపవచ్చును. ఒక్క సంపాదకుని ధైర్యముమీద ఒక వృత్తియొక్క స్వాతంత్ర్యము నిలువరాదు. ఆ యొక్కడు అలసినను, పొరబడినను, నిలుచుటకు పదిమంది యుండవలెను. ఆయన స్థాపించిన సమాఖ్యకు ఇంతకంటె మంచి సమర్థన లేదు.

1978లో సంపాదకత్వము విడిచిన తరువాత చలపతిరావుగారు ఢిల్లీలో నొంటరిగా కాలము గడపిరి. 1983 మార్చి 25వ తేదీన ఒక తేనీటి దుకాణముచెంత కుప్పగూలి ప్రాణములు విడిచిరి. ప్రధానులు, రాయబారులు ఎఱిగిన మనిషిని అచ్చట నున్నవారెవరును గుర్తింపలేదు. ఆయన యెవరో తెలియుటకు కొంతకాలము పట్టినది. దేశమందలి వేలకొలది పాత్రికేయుల నియామకపత్రములలో తన శ్రమఫలము నక్షరములుగా నిలిపినవాడు, తన పేరు చెప్పువాడు లేక వీధిలో రాలిపోయెను. చట్టము జీతమిప్పించును, సెలవిప్పించును. సాయంకాలమున తలుపు తట్టి, ఈ దినము కనబడలేదేమని యడుగుటకు చట్టమున సెక్షను లేదు. ఆ పని చేయవలసినది ఒక వాడవాడు, ఒక భాషవాడు, ఒక పరిచయస్థుడు.

మా సందేహమునకు సమాధానము మాకిచ్చట దొరకినది. తెలుగువారమని కూడుదుమా, పాత్రికేయులమని కూడుదుమా యని మేము వేసికొన్న ప్రశ్నయే సరియైనది కాదు. రామారావుగారు తెలుగువాడని తలుపు తీసిరి. ఆ తలుపున ప్రవేశించినవాడు దేశమంతటి పాత్రికేయులకు ఇల్లు కట్టెను. మొదటిది లేక రెండవది లేదు. రెండవదానికి దారితీయని మొదటిది సిఫారసుల బజారు. ప్రాంతసంఘము వాకిలి కావలెను గాని ప్రహరీగోడ కారాదు. తమిళ సోదరుని వెలుపల నుంచుటకై గాక, ఆయన యూనియనులోనికి మనవానిని చేయిపట్టి తీసికొనిపోవుటకై అది యుండవలెను.

కాలమును మాఱినది. న్యాయవాదికి బార్ కౌన్సిలు, వైద్యునికి వైద్యమండలి కలవు. పట్టా లేక వాదించువాడు లేడు. పాత్రికేయుడు ఒక యుదయమున పాత్రికేయుడై, ఒక సాయంకాలమున కాకపోవచ్చును. 2014లో మజీఠియా వేతనసంఘ నిర్ణయమును సుప్రీంకోర్టు సమర్థించినను, అమలునకై మఱల న్యాయస్థానముల చుట్టు తిరిగినవారు పెక్కురు. 1955 నాటి చట్టమును 2020లో పార్లమెంటు నూతన కార్మికస్మృతిలో కలుపుటకు నిశ్చయించినది. ఒప్పందముమీద ఏడాదికొకమాఱు కొత్త కాగితముపై సంతకము చేయు యువకునికి ఈ మార్పులవలన నేమి పోయినది, ఏమి మిగిలినది యని విప్పి చెప్పువారు కావలెను. ఇరువదేండ్ల క్రితముకంటె నేడే ఆ యవసర మెక్కువ.

కావున మేము సంతకము చేయుచున్నాము. మూడు మనవులు మాత్రము జతపఱచుచున్నాము. యజమానియు, యజమానితరఫున కార్యాలయము నడుపువాడును సభ్యులు కారాదు. 1955 నాటి చట్టమును వారిని వెలుపలనే యుంచినది. ప్రూఫు దిద్దువాడు మొదలు సంపాదకుని వఱకు చందా యొకటే, ఓటు నొకటే యుండవలెను. శాలువలకు వెచ్చించు ధనమును ఏదేని యొక సభ్యుని వ్యాజ్యపు ఖర్చులకై ప్రత్యేకించవలెను. ఉగాది పచ్చడికి మా యభ్యంతరము లేదు.

మా వంతుగా ప్రతి శనివారము సాయంకాలమున చింతాద్రిపేటలో ఆ మిత్రులు చూపిన గదిలో కూర్చుండుటకు అంగీకరించుచున్నాము. నియామకపత్రమో, తొలగింపు లేఖయో, అర్థముకాని ఒప్పందమో ఉన్న తెలుగు పాత్రికేయుడు దానిని తీసికొని రావచ్చును. రుసుము లేదు. చదివి చెప్పెదము, అవసరమైనచో వెంట వచ్చెదము. వెనుకటి దినమున మా వాకిటనుండి వెడలిపోయిన వృద్ధుడు అడిగిన ప్రశ్నకు ఆలస్యముగనైనను మేమిచ్చు బదులు ఇది. పత్రమున అనుభవమను గడిలో ఏండ్ల సంఖ్య వ్రాయబోయి ఆగి, ఆయన రాకను తలచుకొంటిమి. ఆ పిమ్మట సంఖ్య వ్రాసితిమి. పత్రము రేపు చేరును.